ముందు నిలిచి ‘తర్వాత’ అని చెప్పే ‘పోస్ట్’: తరచుగా అడిగే ప్రశ్నలు

పోస్ట్‌పోన్, పోస్ట్‌మార్టం, పోస్ట్‌గ్రాడ్యుయేట్, పోస్ట్‌పెయిడ్. రోజూ వాడే ఈ ఆంగ్ల పదాలన్నిటి ముందూ ఒకే ముక్క ఉంది. పోస్టాఫీసు ముందు కూడా అదే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ అది వేరు. ఇంగ్లీషు చదివే పిల్లలు, వారికి చెప్పే పెద్దలు, అనువాదాలు చేసేవారు ఈ ఉపసర్గ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. వరుసగా చదవవలసిన పని లేదు. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

‘పోస్ట్’ అంటే ‘తర్వాత’ అనా, ‘వెనుక’ అనా?

రెండూ. లాటిన్ భాషలో ‘పోస్ట్’ అనే మాటను కాలానికి వాడితే ‘తర్వాత’, చోటుకు వాడితే ‘వెనుక’ అని అర్థం. ఇంగ్లీషుకు ఈ రెండర్థాలూ వచ్చాయి. అయితే నిత్యవ్యవహారంలో కాలార్థమే ఎక్కువ. స్థలార్థం వైద్యంలోనూ, జీవశాస్త్రంలోనూ బాగా నిలిచింది.

ఒకే మాటకు ఈ రెండూ ఎలా కుదిరాయన్నది తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. బారు తీరి నడిచేవాళ్లలో నా వెనుక ఉన్నవారు నా తర్వాతే గడప దాటుతారు. ‘ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి’ అన్నప్పుడు ‘వెనక’ అంటే తర్వాత అనే కదా. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. తెలుగులో ‘వెనకటి రోజులు’ అంటే గడిచిపోయిన రోజులు. అక్కడ మనం రాబోయే కాలం వైపు ముఖం పెట్టి నిలబడ్డాం కాబట్టి, గడిచిందంతా వీపు వెనుక ఉంటుంది. ‘పోస్ట్’కు ఈ వాడుక లేదు. అది ఎప్పుడూ ఒక సంఘటనను గుంజగా పాతి, దానికి ఇవతలి కాలాన్ని చూపిస్తుంది.

అందుకే ఈ పదాల్లో ఏది ఎదురైనా మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘దేని తర్వాత?’ అన్నదే. జవాబు పదం రెండో సగంలో ఉంటుంది. పోస్ట్‌వార్ అంటే యుద్ధం తర్వాత, పోస్ట్‌ఆపరేటివ్ అంటే శస్త్రచికిత్స తర్వాత. పోస్ట్‌గ్రాడ్యుయేట్ అంటే పట్టా పుచ్చుకున్న తర్వాత సాగే చదువు. పోస్ట్‌పెయిడ్‌లో వాడకం ముందు, డబ్బు తర్వాత.

దీనికి సంస్కృతంతో చుట్టరికం ఉందా?

ఉంది. లాటిన్ ‘పోస్ట్’నూ, సంస్కృత ‘పశ్చాత్’నూ భాషా శాస్త్రజ్ఞులు ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చేర్చి చూపిస్తారు. తెలుగులో మనం వాడే పశ్చాత్తాపం అంటే తర్వాత కలిగే తాపం. పని జరిగిపోయాక మనసు కాలడం. పశ్చిమం కూడా ఆ కుటుంబంలోదే. తూర్పు ముఖంగా నిలబడ్డవారికి వెనుక ఉండే దిక్కు పశ్చిమం. అదే తీరున ‘పూర్వం’ అనే మాటకు ‘మునుపు’ అనీ, ‘తూర్పు’ అనీ రెండర్థాలు వచ్చాయి. చోటూ కాలమూ ఒకే మాటలో ఇమడడం లాటిన్‌కే ప్రత్యేకం కాదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

పోస్టాఫీసు, పోస్టర్, పోస్టుకార్డు కూడా ఈ ‘పోస్ట్’ నుంచే వచ్చాయా?

రాలేదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

ఇంగ్లీషులో ‘పోస్ట్’ అని ఒకేలా రాసి, ఒకేలా పలికే మాటలు మూడు మూలాల నుంచి వచ్చాయి. ఒకటి మన ఉపసర్గ. రెండోది స్తంభం అనే అర్థమున్న పోస్ట్. దాని మూలం లాటిన్ ‘పోస్టిస్’, అంటే ద్వారబంధపు నిలువు కమ్మి. ఫుట్‌బాల్ ఆటలో గోల్‌పోస్ట్ ఇదే. పూర్వం ప్రకటనల కాగితాలను స్తంభాలకు అంటించేవారు. అలా అంటించడం కూడా ‘పోస్ట్’ చేయడమే అయింది, అంటించిన కాగితం పోస్టర్ అయింది. ఇవాళ సామాజిక మాధ్యమాల్లో మనం పెట్టే పోస్టు ఆ స్తంభం మీది కాగితానికి వారసురాలే.

మూడోది ఉత్తరాల పోస్టు. దీని మూలం ‘ఉంచు, నిలుపు’ అని అర్థమిచ్చే లాటిన్ క్రియ ‘పోనెరె’. బాట పొడవునా ఇంతింత దూరానికి గుర్రాలను, రౌతులను నిలిపి ఉంచేవారు. ఒక రౌతు తెచ్చిన సంచిని తర్వాతి రౌతు అందుకుని పరుగెత్తేవాడు. అలా నిలిపి ఉంచిన మజిలీకి ఇటాలియన్‌లో ‘పోస్టా’ అని పేరు. పోస్టాఫీసు, పోస్టుమాన్, పోస్టుకార్డు అన్నీ అక్కడివే. ఉద్యోగం అనే అర్థంలో వాడే పోస్టు, కాపలాదారు నిలబడే పోస్టు కూడా ఈ ‘పోనెరె’ సంతానమే. పోస్ట్‌హేస్ట్ (అతి త్వరగా) అనే మాటను చూసి ‘తొందర తర్వాత’ అనుకునేవారున్నారు. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో అత్యవసరమైన ఉత్తరాల పైన రౌతును తొందరపెడుతూ ‘హేస్ట్, పోస్ట్, హేస్ట్’ అని రాసేవారు. అంటే ‘త్వరగా, రౌతా, త్వరగా’ అని. ఆ మాట అక్కడ పుట్టింది.

ఇక పోస్ట్‌పోన్ సంగతి చూడండి. మొదటి సగం మన ఉపసర్గ. రెండో సగం ‘పోన్’ ఆ ‘పోనెరె’ నుంచే వచ్చింది. తర్వాత ఉంచడం, అంటే వాయిదా వేయడం. పోస్టాఫీసును కన్న క్రియ, దానితో చుట్టరికం లేని ఉపసర్గ ఒకే పదంలో పక్కపక్కన కూర్చున్నాయి. లాటిన్‌లో ‘పోస్ట్‌పోనెరె’ అనే ఈ కలిసిన క్రియకు ‘ఒకదానికన్నా తక్కువగా ఎంచు’ అనే అర్థం కూడా ఉండేది. వాయిదా పడ్డ పని ఎదుటివారి లెక్కలో ఎక్కడుందో ఆ పాత అర్థం చెప్పకనే చెబుతుంది.

పాస్చర్ (భంగిమ), పాస్చులేట్ (ముందుగా ఒప్పుకున్న సూత్రం), కంపోస్ట్, ఇంపోస్టర్ (వేషధారి) అనే మాటల్లోనూ ‘పోస్ట్’ అక్షరాలు కనిపిస్తాయి. వాటిలోనూ ఈ ఉపసర్గ లేదు. పాస్చులేట్ ‘అడుగు, కోరు’ అనే అర్థమున్న వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. మిగిలిన మూడూ ‘పోనెరె’ బిడ్డలు.

మరి చూడగానే ఎలా గుర్తుపట్టాలి?

‘పోస్ట్’ తీసి ఆ చోట ‘ప్రీ’ గానీ ‘యాంటీ’ గానీ పెట్టి చూడండి. ఇక్కడి యాంటీ వ్యతిరేకార్థంలో వాడేది కాదు, ‘ముందు’ అనే అర్థమున్న లాటిన్ ‘ఆంటె’. పోస్ట్‌పెయిడ్‌కు ప్రీపెయిడ్, పోస్ట్‌వార్‌కు ప్రీవార్, పోస్ట్‌నేటల్‌కు యాంటీనేటల్, పోస్ట్‌లూడ్‌కు ప్రిలూడ్ జతగా దొరుకుతాయి. పోస్టుకార్డుకు అలాంటి జత లేదు. నూటికి నూరుపాళ్లు పనిచేసే పరీక్ష కాదిది. పోస్టీరియర్ (వెనుకటి), పోస్టెరిటీ (భావితరాలు) లాంటి పదాలు లాటిన్‌లోనే ముద్దగా కలిసిపోయి వచ్చాయి, వాటిని ఇలా విడదీయలేం. ఈ మధ్యకాలపు పదాలకు మాత్రం బాగా పనికొస్తుంది.

పి.ఎం. అంటే ఏమిటి? మధ్యాహ్నం 12 గంటలు పి.ఎం.లోకి వస్తాయా?

పోస్ట్ మెరిడియెమ్, అంటే మధ్యాహ్నం తర్వాత. ఎ.ఎం. అంటే ఆంటె మెరిడియెమ్, మధ్యాహ్నానికి ముందు. లాటిన్‌లో ‘మెరిడియెస్’ అంటే నడి పగలు.

అర్థాన్ని పట్టుకుని చూస్తే సరిగ్గా మిట్టమధ్యాహ్నం 12 గంటలు మధ్యాహ్నానికి ముందూ కాదు, తర్వాతా కాదు. అర్ధరాత్రి 12 ఒక మధ్యాహ్నానికి 12 గంటల తర్వాతా, మరో మధ్యాహ్నానికి 12 గంటల ముందూ ఉంటుంది. అందుచేత 12 పి.ఎం. అన్న రాత తర్కానికి నిలవదు. కానీ అంకెల గడియారాలు, కంప్యూటర్లు మధ్యాహ్నాన్ని 12 పి.ఎం. అనీ, అర్ధరాత్రిని 12 ఎ.ఎం. అనీ చూపించే అలవాటు స్థిరపడిపోయింది. ప్రయాణ సమయం, దరఖాస్తు గడువు లాంటి చోట్ల ‘మధ్యాహ్నం 12’, ‘అర్ధరాత్రి 12’ అని మాటల్లో రాయండి. లేదా 24 గంటల పద్ధతి వాడండి. గడువును ‘అర్ధరాత్రి 12’ అని కూడా కాకుండా ‘రాత్రి 11.59’ అని పెట్టడం ఇంకా మేలు. అది ఏ రోజు అర్ధరాత్రి అన్న సందేహానికి చోటుండదు.

మెరిడియెమ్, మార్టెమ్, పార్టమ్, బెల్లమ్. వీటన్నిటి చివరా ‘మ్’ ఎందుకు?

లాటిన్‌లో ‘పోస్ట్’ విడి మాటగా వచ్చినప్పుడు దాని తర్వాతి నామవాచకం ద్వితీయా విభక్తిలో ఉండాలి. ‘మోర్స్’ అంటే మరణం. ‘పోస్ట్’ తర్వాత అది ‘మోర్టెమ్’ అవుతుంది. ‘మెరిడియెస్’ మెరిడియెమ్ అవుతుంది. కాబట్టి పోస్ట్‌మార్టం, పోస్ట్‌పార్టమ్ (ప్రసవం తర్వాత), పోస్ట్‌బెల్లమ్ (యుద్ధం తర్వాత) అసలుకు ఒక్కో పదం కావు, రెండేసి మాటల పదబంధాలు. ఇంగ్లీషు వాటిని విభక్తితో సహా ఎత్తుకొచ్చి ఒకే పదంగా వాడుకుంటోంది. పోస్ట్‌స్క్రిప్ట్ తీరు వేరు. ‘పోస్ట్ స్క్రిప్టుమ్’ అంటే ‘తర్వాత రాసినది’. అందులో ‘పోస్ట్’ క్రియకు విశేషణం.

పోస్ట్‌మార్టం, ఆటాప్సీ ఒకటేనా?

వాడుకలో ఒకటే. మూలార్థాలు మాత్రం వేరు. పోస్ట్‌మార్టం అంటే ‘మరణం తర్వాత’ అని మాత్రమే. పరీక్ష అనే మాట అందులో లేదు, ‘పోస్ట్‌మార్టం పరీక్ష’ అనే పూర్తి పేరులోంచి అది జారిపోయింది. ఆటాప్సీ గ్రీకు మాట. ‘స్వయంగా కళ్లతో చూడడం’ అని దాని అర్థం.

పోస్చ్యుమస్ (మరణానంతర) అనే పదంలో పలకని ‘హెచ్’ ఎందుకుంది?

ఒక పొరపాటు వల్ల. ఈ ప్రశ్న అడిగినవారిని మెచ్చుకోవాలి. ఎందుకంటే ఈ పదం రాతలోనే దాని చరిత్ర దాగి ఉంది.

లాటిన్‌లో ‘పోస్టుమస్’ అంటే ‘అందరికన్నా చివరివాడు’. ‘తర్వాతి’ అనే అర్థమున్న ‘పోస్టెరుస్’కు అది అతిశయ రూపం. చివరగా పుట్టిన బిడ్డకు, ముఖ్యంగా తండ్రి పోయాక పుట్టిన బిడ్డకు ఈ మాట వాడేవారు. రోమన్ చక్రవర్తి అగస్టస్‌కు కుడిభుజంగా ఉన్న అగ్రిప్పా క్రీ.పూ. 12లో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన భార్య జూలియాకు పుట్టిన కొడుకు పేరు అగ్రిప్పా పోస్టుమస్. అందులో ‘హెచ్’ లేదు. క్రీ.శ. 260లో గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతంలో రోమ్ మీద తిరగబడి రాజ్యం స్థాపించినవాడి పేరు కూడా పోస్టుమస్. అందులోనూ లేదు.

తర్వాతి కాలపు రాతగాళ్లు ఈ పదంలో మరణం ప్రస్తావన ఉంది కదా అని, చివరి భాగం ‘హ్యూమస్’ అనుకున్నారు. హ్యూమస్ అంటే మట్టి, నేల. ‘మట్టి చేసిన తర్వాత’ అన్న అర్థం చక్కగా అతికినట్టు కనిపించడంతో ఒక ‘హెచ్’ చేర్చేశారు. అలా ఊహించి కల్పించుకున్న వ్యుత్పత్తి రాతలో నిలిచిపోయింది, పలుకుబడిలోకి మాత్రం రాలేదు. అందుకే పలికేటప్పుడు పోస్ట్‌హ్యూమస్ అనకూడదు, ‘పాస్చ్యుమస్’కు దగ్గరగా పలకాలి.

నేడు ఈ మాటను రచయిత పోయాక అచ్చయిన పుస్తకానికి, మనిషి పోయాక ప్రకటించిన పురస్కారానికి వాడుతున్నాం. నోబెల్ బహుమతిని 1931లో స్వీడన్ కవి కార్ల్‌ఫెల్ట్‌కు సాహిత్యంలో, 1961లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్‌కు శాంతి రంగంలో మరణానంతరం ఇచ్చారు. 1974 నుంచి ఆ అవకాశం లేదు. ప్రకటన వెలువడిన తర్వాత గ్రహీత మరణిస్తే మాత్రం బహుమతి నిలుస్తుంది.

పోస్ట్‌నేటల్, పోస్ట్‌పార్టమ్ మధ్య తేడా ఉందా?

మూలంలో స్పష్టమైన తేడా ఉంది. ‘నేటల్’ పుట్టుకకు సంబంధించినది, అంటే బిడ్డ వైపు నుంచి చెప్పిన మాట. ‘పార్టమ్’ కనడానికి సంబంధించినది, అంటే తల్లి వైపు నుంచి చెప్పిన మాట. ఆ లెక్కన నవజాత శిశువు సంరక్షణ పోస్ట్‌నేటల్, తల్లి కోలుకునే కాలం పోస్ట్‌పార్టమ్ కావాలి. వాడుక ఈ గీతను అంత కచ్చితంగా పాటించదు. ప్రసవం తర్వాత తల్లికి వచ్చే కుంగుబాటును బ్రిటన్‌లో పోస్ట్‌నేటల్ డిప్రెషన్ అనీ, అమెరికాలో పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ అనీ అంటారు. జబ్బు ఒక్కటే.

ఈ విషయంలో తెలుగు చాలా ముందుంది. ‘బాలింత’ అన్న ఒక్క మాటలో ఆ తల్లీ, ఆమె ఉన్న స్థితీ, ఆ కాలమూ వచ్చేస్తాయి. ఆరోగ్య కరపత్రాల్లో ‘ప్రసవానంతర దశలో ఉన్న మహిళలు’ అని రాసేకన్నా ‘బాలింతలు’ అని రాస్తే చదివే ప్రతి ఇంటికీ చేరుతుంది.

రక్తపరీక్ష కాగితం మీద పోస్ట్‌ప్రాండియల్ అని ఉంటుంది. అదేమిటి?

‘ప్రాండియమ్’ అంటే లాటిన్‌లో పగటి భోజనం. కాబట్టి ‘భోజనం తర్వాత’ అని అర్థం. చక్కెర పరీక్షలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి పరగడుపున తీసినది, రెండోది భోజనం తర్వాతది. రెండోదాన్ని సాధారణంగా భోజనం మొదలుపెట్టినప్పటి నుంచి రెండు గంటలకు తీస్తారు. తినడం ముగిసినప్పటి నుంచి కాదు. ‘దేని తర్వాత’ అన్న ప్రశ్నకు ఇక్కడ వైద్యపరమైన విలువ ఉంది. లెక్క ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి అంకె మారిపోవచ్చు. మీ ప్రయోగశాలవారు ఏ సమయం చెప్పారో అదే పాటించండి.

‘వెనుక’ అనే అర్థంలో వచ్చే పదాలు ఏవి?

ఎక్కువగా శరీర నిర్మాణ శాస్త్రంలో దొరుకుతాయి. ముక్కు వెనుక భాగం నుంచి గొంతులోకి చీమిడి జారడాన్ని పోస్ట్‌నేసల్ డ్రిప్ అంటారు. చెవి వెనుక ఉన్నది పోస్ట్‌ఆరిక్యులర్. మెదడులో మధ్య గాడికి వెనుక ఉన్న మడత పోస్ట్‌సెంట్రల్ జైరస్. స్పర్శను గ్రహించేది అదే. గాడికి ముందున్న ప్రీసెంట్రల్ జైరస్ కదలికలను నడిపిస్తుంది.

పోస్టీరియర్ అనే మాటతో మాత్రం జాగ్రత్త అవసరం. మనిషి విషయంలో పోస్టీరియర్ అంటే వీపు వైపు. నాలుగు కాళ్ల జంతువుల విషయంలో తోక వైపు. మనిషి నిటారుగా నిలబడ్డాడు కాబట్టి వెనుక అన్న దిశే మారిపోయింది. మనుషుల గురించి చదివినదాన్ని పశువైద్యానికి యథాతథంగా అనువదిస్తే తప్పు దొర్లేది ఇక్కడే. సంభావ్యతా శాస్త్రంలో ఇదే మాట కాలార్థంలోకి తిరిగి వస్తుంది. ఆధారాలు చూడకముందు ఉన్న అంచనా ప్రయర్, చూసిన తర్వాత సవరించుకున్న అంచనా పోస్టీరియర్.

గుర్తుపట్టలేనంతగా మారిపోయిన పదాలు కూడా ఉన్నాయా?

ఉన్నాయి. నాకు ఈ జాబితాలో అన్నిటికన్నా ఇష్టమైనవి అవే.

ప్యూనీ అంటే ఇవాళ బక్కపలచటి, అల్పమైన అని అర్థం. అది లాటిన్ ‘పోస్ట్ నాటుస్’, అంటే ‘తర్వాత పుట్టినవాడు’. ఫ్రెంచివారి నోట్లో నలిగి ‘ప్విస్నే’ అయింది, ఇంగ్లీషువారి నోట్లో ప్యూనీ అయింది. తర్వాత పుట్టినవాడు చిన్నవాడు, చిన్నవాడు బలహీనుడు. అర్థం అలా మెట్టుమెట్టుగా దిగింది. న్యాయస్థానాల్లో ప్రధాన న్యాయమూర్తి కాని ఇతర న్యాయమూర్తిని ‘ప్యూనీ జడ్జి’ అంటారు. అక్కడ మాత్రం పాత ఫ్రెంచి వర్ణక్రమమే నిలిచింది. పి, యు, ఐ, ఎస్, ఎన్, ఇ అని రాసి ‘ప్యూనీ’ అని పలుకుతారు. ఆ పదవిలో అల్పత్వం ఏమీ లేదు, తర్వాతి స్థానం అన్న మూలార్థమే ఉంది.

ప్రిపాస్టరస్ అంటే అర్థంపర్థం లేని, నమ్మశక్యం కాని అని. దాన్ని విడదీస్తే ‘ప్రే’, ‘పోస్టెరుస్’. ముందు, వెనుక. వెనుక ఉండవలసినది ముందుకు వచ్చి, వరుస తారుమారైందన్నమాట. అసంబద్ధమైనదాన్ని మనం తలకిందులు చేస్తాం, లాటిన్‌వారు ముందువెనుకలు చేశారు.

పాస్టర్న్ అంటే కోటకు వెనుక వైపు ఉండే చిన్న ద్వారం. మన దొడ్డిగుమ్మం.

పోస్ట్‌మోడర్న్, పోస్ట్‌కలోనియల్, పోస్ట్‌ట్రూత్ లాంటి పదాల్లో ‘తర్వాత’ అంటే అది ముగిసిపోయిందనేనా?

కాదు. అనువాదాల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

పోస్ట్‌ఆపరేటివ్ అన్నప్పుడు శస్త్రచికిత్స ముగిసింది, సందేహం లేదు. భావాలకు, యుగాలకు చేరినప్పుడు ఈ ఉపసర్గ అంత సూటిగా ఉండదు. వలస పాలన పోయాక కూడా దాని చట్టాలు, చదువులు, భాష, మనుషుల ఆలోచనా తీరు మిగిలిపోతాయి. ఆ మిగిలినదాన్ని పరిశీలించేదే పోస్ట్‌కలోనియల్ అధ్యయనం. ఇక్కడ ‘తర్వాత’ అంటే ‘దాని ముద్ర పడిన కాలం’ అని అర్థం చేసుకోవాలి. కొందరు పండితులు ఈ తేడా చూపించడానికే, వలస పాలన ముగిసిన కాలాన్ని చెప్పేటప్పుడు మధ్యలో చిన్న గీత పెట్టి, సిద్ధాంతాన్ని చెప్పేటప్పుడు గీత లేకుండా రాస్తారు.

పోస్ట్‌ట్రూత్‌ను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవారు 2016 సంవత్సరపు పదంగా ఎంచుకున్నారు. సత్యం గతించిందని దాని భావం కాదు. ప్రజాభిప్రాయాన్ని మలచడంలో వాస్తవాలకన్నా ఉద్వేగాలు, సొంత నమ్మకాలు ఎక్కువ బలంగా పనిచేసే పరిస్థితి అని. సత్యం ఉంది, దాని పలుకుబడి తగ్గింది.

చిత్రకళలో పోస్ట్‌ఇంప్రెషనిజం పుట్టిన తీరు ఇంకో సంగతి చెబుతుంది. 1910లో లండన్‌లో ఒక ప్రదర్శన ఏర్పాటు చేస్తూ విమర్శకుడు రోజర్ ఫ్రై ఈ పేరు పెట్టాడు. అప్పటికి ఆ పేరు కిందికి చేర్చిన చిత్రకారుల్లో వాన్‌గో చనిపోయి 20 ఏళ్లయింది. సూరా, గోగాన్, సెజాన్ కూడా లేరు. తమను ఆ పేరుతో పిలుస్తారని వారిలో ఎవరికీ తెలియదు. వారి శైలులు కూడా ఒకదానికొకటి పోలిక లేనివి. ఇంప్రెషనిస్టుల తర్వాత వచ్చారన్నదే వారందరినీ కలిపే దారం. కొత్త ధోరణి దేనికి ఇవతల ఉందో తెలిసి, తానేమిటో ఇంకా తేలనప్పుడు ‘పోస్ట్’ అక్కరకు వస్తుంది.

పోస్ట్‌వార్ అంటే ఏ యుద్ధం తర్వాత?

సందర్భం చెప్పాలి. 20వ శతాబ్దపు చరిత్రలో వేరే వివరణ లేకపోతే సాధారణంగా రెండో ప్రపంచ యుద్ధం, అంటే 1945 తర్వాత అని. పోస్ట్‌బెల్లమ్ అని లాటిన్‌లో రాస్తే, అమెరికా చరిత్రలో 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధం తర్వాత అని. మాటల అర్థం ఒక్కటే, గుంజ పాతిన చోటు వేరు.

‘పోస్ట్ హాక్’ అని చర్చల్లో వింటాం. అంటే ఏమిటి?

‘దీని తర్వాత’. తర్కశాస్త్రంలో దాని పూర్తి రూపం ‘పోస్ట్ హాక్ ఎర్గో ప్రాప్టర్ హాక్’. దీని తర్వాత జరిగింది, కాబట్టి దీని వల్లే జరిగింది అనే తప్పుడు వాదనకు అది పేరు. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. రెంటికీ సంబంధం లేకపోయినా ఉన్నట్టు కనిపించే ఈ సంగతినే మన శాస్త్రాలు కాకతాళీయ న్యాయం అన్నాయి. మందు వేసుకున్నాక జలుబు తగ్గింది కాబట్టి మందు వల్లే తగ్గిందనడం ఇలాంటిదే, జలుబు మందు లేకుండానూ తగ్గుతుంది. తర్వాత అనే మాట ఎంత సులువుగా వల్ల అనే మాటగా మారిపోతుందో గమనిస్తే వార్తలు చదివే తీరే మారుతుంది.

ఆఫ్టర్, మెటా, రెట్రో కూడా ఇదే అర్థమిస్తాయా?

దగ్గరగా వస్తాయి. ఆఫ్టర్ అచ్చమైన ఇంగ్లీషు మాట. ఆఫ్టర్‌నూన్ పి.ఎం.కు సరిగ్గా సమానం. ఆఫ్టర్‌షాక్ అంటే భూకంపం తర్వాత వచ్చే ప్రకంపన. ఆఫ్టర్‌మాత్‌లోని ‘మాత్’కు గణితంతో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో అది గడ్డి కోత. ఒకసారి కోశాక మళ్లీ మొలిచే గడ్డి ఆఫ్టర్‌మాత్. ఇప్పుడు యుద్ధాలు, విపత్తుల తర్వాతి పరిణామాలకు దాన్ని వాడుతున్నారు.

మెటా గ్రీకు మాట. అరిస్టాటిల్ రచనల వరుసలో భౌతికశాస్త్ర గ్రంథాల తర్వాత ఉంచినవి కాబట్టి మెటాఫిజిక్స్‌కు ఆ పేరు వచ్చింది. రెట్రో లాటిన్‌దే అయినా ‘వెనక్కి’ అనే దిశను చెబుతుంది. పోస్ట్ ఒక బిందువు దాటి ముందుకు నడిస్తే, రెట్రో తిరిగి వెనక్కి చూస్తుంది.

కంప్యూటర్ రంగంలో వినిపించే పోస్ట్ ఇదేనా?

కొన్నిచోట్ల ఇదే. పోస్ట్‌ఫిక్స్ పద్ధతిలో ముందు అంకెలు, వాటి తర్వాత గుర్తు రాస్తారు. మూడు, నాలుగు, కూడిక గుర్తు అన్న వరుసలో. అయితే కంప్యూటర్ ఆన్ చేయగానే జరిగే ‘పోస్ట్’ అనే స్వయం పరీక్ష నాలుగు మాటల తొలి అక్షరాల కూర్పు. దానికీ ఉపసర్గకూ సంబంధం లేదు.

మధ్యలో గీత ఎప్పుడు పెట్టాలి?

స్థిరపడ్డ పదాలకు అక్కర్లేదు. పోస్ట్‌పోన్, పోస్ట్‌స్క్రిప్ట్, పోస్ట్‌గ్రాడ్యుయేట్ కలిపే రాస్తారు. రెండో భాగం పెద్ద అక్షరంతో మొదలైనా, సంవత్సరమైనా గీత తప్పనిసరి. 1945 తర్వాతి కాలం అని విశేషణంగా రాసేటప్పుడు పోస్ట్ పక్కన గీత పెట్టి అంకె వేస్తారు. రెండో భాగం ‘టి’ అక్షరంతో మొదలైతే రెండు ‘టి’లు పక్కపక్కన పడతాయి కాబట్టి చాలామంది గీత పెడతారు. పోస్ట్‌ట్రామాటిక్ అలాంటిది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన మూడో వర్గీకరణ గ్రంథంలో చేర్చిన పోస్ట్‌ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (తీవ్రమైన ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మత) పేరును గీతతోనూ, గీత లేకుండానూ రాయడం చూస్తాం. మొత్తం మీద బ్రిటన్‌వారు గీత ఎక్కువ, అమెరికావారు తక్కువ వాడతారు. ఒక వ్యాసంలో ఒకే పద్ధతి పాటిస్తే చాలు.

‘పోస్ట్’ అని పలకాలా, ‘పాస్ట్’ అనా?

ఉపసర్గ విడిగా తెలిసే పదాల్లో ‘పోస్ట్’. పోస్ట్‌వార్, పోస్ట్‌గ్రాడ్యుయేట్ అలాగే. లాటిన్‌లోనే కలిసిపోయి వచ్చిన పోస్టీరియర్, పోస్టెరిటీ, పోస్చ్యుమస్ పదాల్లో బ్రిటిష్ పలుకుబడి ‘పాస్’కు దగ్గరగా ఉంటుంది.

తెలుగులో ‘అనంతర’ వాడాలా, ‘ఉత్తర’ వాడాలా?

కాలాన్ని చెప్పేటప్పుడు ‘అనంతర’ నిస్సందేహంగా మేలు. యుద్ధానంతర, మరణానంతర, స్వాతంత్ర్యానంతర అనే మాటలు చదవగానే అర్థమవుతాయి. ‘ఉత్తర’కు దిక్కు, జవాబు, లేఖ అనే అర్థాలు కూడా ఉన్నాయి. కొత్త పదంలో అది అడ్డుపడుతుంది. ఉత్తరక్రియలు, ఉత్తరార్ధం, స్నాతకోత్తర లాంటివి ఎప్పుడో స్థిరపడ్డాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. ఆధునికోత్తర, ఆధునికానంతర రెండూ వాడుకలో ఉన్నాయి. నా మొగ్గు రెండోదాని వైపు.

‘మలి’ని చాలామంది మరచిపోతున్నారు. మలిదశ, మలివయసు, మలిసంధ్య. తొలి పక్కన నిలిచే ఈ మాట చిన్నది, అచ్చ తెలుగుది.

ప్రతి ‘పోస్ట్’కూ ఒక ఉపసర్గ వెతకవలసిన పని కూడా లేదు. పోస్ట్‌పోన్‌కు వాయిదా ఉంది. పోస్ట్‌మార్టానికి శవపరీక్ష, పోస్టెరిటీకి భావితరాలు ఉన్నాయి. ఉత్తరం ముగించి సంతకం చేశాక గుర్తొచ్చిన మాటను ఇంగ్లీషువారు పి.ఎస్. అని రాస్తే, మనం తా.క. అని రాసేవాళ్లం. తాజా కలం. అందులో ‘తర్వాత’ అనే మాటే లేదు. మళ్లీ సిరాలో ముంచిన కలం మాత్రం కనిపిస్తుంది.

పోస్ట్‌పోన్‌కు వ్యతిరేకంగా ప్రీపోన్ అనవచ్చా?

భారతీయ ఇంగ్లీషులో నిరభ్యంతరంగా అనవచ్చు. అనుకున్న తేదీకన్నా ముందుకు జరపడం అనే అర్థంలో ఇక్కడ విస్తృతంగా వాడుతున్నారు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఆ పదం ఉంది. పదనిర్మాణంలో తప్పేమీ లేదు. ‘ప్రీ’, ‘పోన్’. ముందు ఉంచడం. పోస్ట్‌పోన్ ఏ పద్ధతిలో తయారైందో ఇదీ అదే పద్ధతిలో తయారైంది. కానీ బ్రిటన్, అమెరికా పాఠకులకు ఇది అంతగా పరిచయం లేదు. అక్కడివారికి రాసేటప్పుడు సమావేశం ఫలానా తేదీకి మారిందని తేదీతో సహా స్పష్టంగా రాయండి.